తెల్లతోకా, గాడిదచెవా

ఇలా దగ్గరికి రా అమ్మలూ. ఆ పీట పొయ్యి పక్కకి లాక్కుని కూర్చో. నా గొంతులో ఇప్పుడు బలం లేదు, దూరాన కూర్చుంటే సగం మాటలు నీ దాకా రావు. వచ్చే నెల నుంచి నీకూ వేటకి అనుమతి ట్యాగు ఇస్తారని మీ అమ్మ చెప్పింది. మంచిదే. తుపాకి ఎలా పట్టుకోవాలో, గాలి ఎటు వీస్తుందో చూసుకుని ఎలా నడవాలో మీ నాన్న చెప్తాడు. ఇప్పుడు నేను చెప్పబోయేది మాత్రం ఆయనకి తెలీదు. మీ అమ్మకి తెలిసిందీ కొంతే. అప్పటికి దానికి రెండేళ్ళు.

మీ తాత ఆర్విడ్ సంగతి ఇది.

మేమప్పుడు మిల్క్ నది ఒడ్డున, పెద్ద దొడ్డి పక్కన రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. మీ తాత ఆ దొడ్డి పశువులు కాసేవాడు. కళ్ళ ముందు మూడొందల ఆవులు మేస్తుండేవి గానీ వాటిలో ఒక్క గిట్ట కూడా మాది కాదు. మేం తినే మాంసమంతా జింక మాంసమే. నవంబరులో ఒక జింక పడితే, సగం ఉడికించి సీసాల్లో పెట్టుకునేదాన్ని. మిగతాది పంది కొవ్వు కలిపి పేగుల్లో కూరి పొగబెట్టేవాళ్ళం. నలుగురు పిల్లలకీ మా ఇద్దరికీ ఏప్రిల్ దాకా వచ్చేది. పడకపోతే బంగాళాదుంపలూ, ఎండు చిక్కుడు గింజలూ. అలాంటి చలికాలం అప్పటికే ఒకటి చూశాం. మీ పెద్ద మావయ్య కాళ్ళు పుల్లల్లా అయిపోయాయి ఆ ఏడు. ఆకలి అని వాడు నోరు తెరిచి అడిగేవాడు కాదు, అడక్కుండా నా చేతుల వైపు చూసేవాడు.

మా వైపు జింకలు రెండు రకాలని నీకు తెలుసు. నది పక్కన పొదల్లో ఉండేది తెల్లతోక. బెదిరితే తోక జెండాలా ఎత్తి, గుర్రంలా సాగి పరిగెడుతుంది. పైన గుట్టల్లో ఉండేది గాడిదచెవి. దాని తోక తాడుముక్కలా సన్నగా ఉండి కొసన నల్లగా ఉంటుంది. అది పరిగెత్తదు. నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేలకి కొట్టి బంతిలా ఎగురుకుంటూ పోతుంది. గాడిదచెవులు తగ్గిపోతున్నాయని ఆ రోజుల్లో వాటికి చీట్లు తీసేవాళ్ళు. చీటీలో పేరొచ్చినవాడికే దాన్ని కొట్టే ట్యాగు. రానివాడికి తెల్లతోక ట్యాగు ఒక్కటే.

మీ తాతకి వరసగా రెండేళ్ళు చీటీలో పేరు రాలేదు. అందులో మొదటి ఏడు పొగమంచులో సరిగా ఆనక గాడిదచెవిని కొట్టేశాడు. దాచలేదు. తనే పోయి వేట లెక్కలు చూసే వార్డెన్‌తో చెప్పాడు. వార్డెన్ మాంసం పట్టుకుపోయి ఒక కాగితం రాసిచ్చాడు. మళ్ళీ ఇలా జరిగితే తుపాకి తీసుకుంటారు, ఐదేళ్ళు వేట మానుకోవాలి. అంతే ఉంది అందులో. నేను చదవలేదు, నాకు అంత చదువెక్కడిది. ఆయన చదివి వినిపించి, మడిచి గడియారం వెనక పెట్టాడు. నేను నీకు చెప్పిన చలికాలం అదే. ఇంకా అలాంటివి ఐదు అనుకో. నలుగురు పిల్లల్లో నలుగురూ మిగిలేవాళ్ళని నేను అనుకోలేదు.

ఆ రెండో ఏడు వేట రోజులు అయిపోవచ్చాయి. చివరి ఆదివారం. అప్పటికి మాకు ఏమీ పడలేదు. పొద్దున్నే మీ తాత, ఆయన తమ్ముడు సెల్మర్, పక్కింటి గస్ మామ బయల్దేరారు. గస్ మామ టర్కీ కోళ్ళు పెంచేవాడు. అరవై దాటాయి, ఒక మోకాలు సరిగా వంగదు, నోరు మాత్రం ఎటు కావాలంటే అటు వంగుతుందని వాళ్ళావిడే అనేది. పిల్లల్ని ఆవిడ దగ్గర వదిలి నేను కూడా వెళ్ళాను, పికప్ బండి నడపడానికి. మొగాళ్ళు నడిచి వెళ్ళాక బండిని చుట్టూ తిప్పి తీసుకురావడం నా పని.

పది దాటాక గుట్ట అంచున బండి ఆపి, నలుగురం బోర్లా పడుకుని కిందకి చూస్తున్నాం. కింద లోయ, లోయ చివర నది, నది మధ్య విల్లో పొదల లంక. లోయ మొదట్లో, సేజ్ పొదల మధ్య ఒక పోతు నిలబడి ఉంది.

"కొమ్ములు చూడండి," అన్నాడు గస్ మామ దుర్భిణి దించకుండా. "ఒకటే కాండం, దాని మీంచి వేళ్ళు లేచినట్టు లేచాయి. తెల్లతోక."

"కొమ్ములు తర్వాత, చెవులు చూడు మామా," అన్నాడు సెల్మర్. "ఆ చెవులతో అది మన మాటలన్నీ వింటోంది. గాడిదచెవి."

"తోకో?"

"నల్లగా ఉంది."

"పైన నలుపు, పక్కలంట తెలుపు."

"నీ దుర్భిణికి పట్టిన మసి అయ్యుంటుంది. దాన్ని తుడిచి ఎన్నేళ్ళయింది?"

"మా తాత ఇచ్చిన దుర్భిణిరా ఇది."

"అదే అంటున్నా. ఆయన వేలిముద్రలు ఇంకా అద్దం మీదే ఉన్నాయి."

మీ తాత గడ్డం మంచులో ఆనించి చూస్తున్నాడు. "రెండూ కలిసిందేమో," అన్నాడు.

ఇంక మొదలైంది. అలాంటివి అప్పుడప్పుడూ పుడతాయని అందరికీ తెలుసు, వాటిని ఏమని పిలవాలో మాత్రం ఏ ఇద్దరికీ పొసగదు. మా నాన్న వాటిని మసితోకలు అనేవాడన్నాడు గస్ మామ. మసితోకంటే మా వైపు ముసలి తెల్లతోక అన్నాడు సెల్మర్.

"మీ వైపేంట్రా, మీ ఇల్లు మా ఇంటికి రెండు మైళ్ళు."

"ఆ రెండు మైళ్ళలోనే తేడా ఉంది మామా. వీటిని గాడిదతోకలు అనాలి. తండ్రి పేరు ముందు రావాలి కదా."

"తండ్రి గాడిదచెవని నీకెవరు చెప్పారు? పెళ్ళికి పిలిచారా నిన్ను?"

"తల్లి అయితే మాత్రం? తల్లి పేరు ఎవడు పెట్టుకుంటాడు?"

"మా కోళ్ళన్నీ పెట్టుకుంటాయి."

నేను గుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాను. మీ తాత నవ్వలేదు. "మీరు ఏ పేరైనా పెట్టుకోండి," అన్నాడు. "వార్డెన్ కాగితంలో రెండే గళ్ళున్నాయి. నా దగ్గర ఒక్కటే ట్యాగుంది."

గస్ మామ దుర్భిణి దించి కోటు అంచుతో తుడుచుకున్నాడు.

కాసేపటికి గస్ మామ అన్నాడు, "పరిగెత్తిస్తే తెలిసిపోతుంది. కొమ్ములు అబద్ధం చెప్తాయి, కాళ్ళు చెప్పవు." అది మా వైపు అందరూ చేసే పనే. సెల్మర్ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. జింక ఉలిక్కిపడి కదిలింది. రెండు అంగలు గుర్రంలా సాగింది, మూడో అంగ బంతిలా ఎగిరింది, దిగేటప్పుడు వెనక కాళ్ళు ముందు కాళ్ళకి తగులుకున్నాయి. మళ్ళీ సాగబోయింది, మళ్ళీ ఎగిరింది. ఎలా పారిపోవాలో దానికే తెలియడం లేదు. మాకు ఇంకా దగ్గరికొచ్చి, నూరు అడుగుల్లో ఆగి వెనక్కి చూసింది.

మీ తాత నా వైపు తిరిగాడు. "వెస్టా, నీ కళ్ళు మంచివి. ఏమంటావ్?"

"వదిన మాటే ఖాయం," అన్నాడు సెల్మర్. "ఇంక నేను నోరెత్తను."

అమ్మలూ, నేను చూసింది నల్ల తోక. పొడుగు చెవులు. ఎవరైనా వెనకనుంచి తుపాకి పెట్టి నిజం చెప్పమంటే గాడిదచెవనే చెప్పేదాన్ని. కానీ ఆయన మొహం చూశాను. ఆ మొహం నన్ను అడుగుతున్నది జింక గురించి కాదు. కొట్టమని ఎవరో ఒకరు చెప్తే బాగుండునని అడుగుతోంది. పిల్లాడు నా చేతుల వైపు చూసే చూపు కూడా నాకు గుర్తొచ్చింది.

"తెల్లతోక," అన్నాను.

ఆయన కొట్టాడు.

గురి తప్పిందో, జింక అడుగేసిందో, గుండు వెనక్కి తగిలింది. జింక వీపు వంచి ముడుచుకుని, లోయలో పొదల్లోకి దిగి కనపడకుండా పోయింది. వీపు అలా వంచిందంటే కడుపులో తగిలినట్టు. కిందకి దిగి చూస్తే రెండు చుక్కలు నల్లటి రక్తం, దాంతో నమిలిన పచ్చి ఆకు.

"ఎవరూ కదలొద్దు," అన్నాడు గస్ మామ. "కడుపు దెబ్బ. ఇప్పుడు వెంటపడితే సాయంత్రం దాకా పోతూనే ఉంటుంది. అరగంట వదిలేస్తే పడుకుంటుంది." అది కూడా మా వైపు అందరికీ తెలిసిందే. బండి దగ్గరికొచ్చి కాఫీ తాగాం. చల్లారిన గుడ్డు రొట్టె తిన్నాం. మీ తాత సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఆ అరగంటలోనే ఉత్తరం నుంచి మబ్బు వచ్చి మంచు మొదలైంది. సన్నగా కాదు, ఈకలు దులిపినట్టు.

ఎటు వెతకాలన్నది ఇప్పుడు తగువు. దెబ్బ తిన్న తెల్లతోక కిందకి, నీళ్ళ వైపు పోతుంది. దెబ్బ తిన్న గాడిదచెవి పైకి, గుట్టల వైపు పోతుంది. ఇందులో ఎవరికీ తేడా లేదు. తేడా అంతా అది ఏదన్నదే.

"పైకి పోయింది," అన్నాడు సెల్మర్. "ఎగిరిన ఎగురు చూశాంగా."

"సాగిన సాగు కూడా చూశాం," అన్నాడు గస్ మామ.

"కిందకే పోయింది," అన్నాడు మీ తాత. "మీ వదిన చెప్పింది విన్నావుగా. తెల్లతోక. లంక మీది పొదల్లోకి చేరి ఉంటుంది."

నేను అప్పుడు చెప్పొచ్చు. చెప్తే ఏమయ్యేది? ఇంతమందిలో, కొట్టేశాక, నేను చూసింది వేరని. నోరు తెరిచాను కూడా. ఆయన అప్పటికే చేతులకి తొడుగులు వేసుకుంటూ, "రాత్రికి కార్జం వేయించు, ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యి," అన్నాడు. చాలా రోజుల తర్వాత మనసు నెమ్మదించి అన్నాడు ఆ మాట. నోరు మూసుకున్నాను.

సెల్మర్ గుట్ట మీదికి పోయాడు. మీ తాత నదికి దిగాడు. గస్ మామ కుంటుకుంటూ రక్తం జాడ పట్టుకుని పోయాడు గానీ, ఇరవై అడుగుల్లో మంచు దాన్ని కప్పేసింది. ఎవరికి జింక దొరికినా మూడుసార్లు పేల్చాలి, నేను మూడుసార్లు హారన్ కొట్టాలి, అందరూ బండికి చేరాలి. అదీ ఒప్పందం.

నేను బండిలో కూర్చున్నాను. గంట పైనే అయింది. ఒంటి గంట దాటాక మ్యాగ్‌పై పిట్టలు ఒకటొకటే వచ్చి బండి వెనక జునిపర్ పొద మీద వాలడం మొదలెట్టాయి. మాంసం ఉన్న చోటికి తప్ప అవి అలా రావు. దిగి చూశాను.

జింక అక్కడ ఉంది. పైకి పోలేదు, కిందకి పోలేదు. లోయలోకి దిగి, మళ్ళీ చుట్టు తిరిగి మా వెనక్కే వచ్చి పడుకుంది. మేం రొట్టె తింటూ దాని జాతి గురించి కొట్టుకుంటున్నంతసేపూ రెండొందల అడుగుల్లో ఉంది. ఇంకా చావలేదు. నన్ను చూసి లేవబోయి లేవలేక చూస్తూ ఉండిపోయింది. కనురెప్పల మీద మంచు కరగడం లేదు.

పరిగెత్తుకొచ్చి హారన్ మూడుసార్లు కొట్టాను. గస్ మామ వచ్చి దాని బాధ తీర్చి, తుపాకి పైకెత్తి మూడుసార్లు పేల్చాడు. అరగంటకి సెల్మర్ వచ్చాడు, ఒళ్ళంతా తెల్లగా. మీ తాత రాలేదు. గాలి నది వైపు నుంచి మా మీదకి వీస్తోంది. మా చప్పుడు అటు పోదు.

వాళ్ళిద్దరూ జింక పక్కన కూర్చుని వెనక కాలు చాపి చూశారు. బయటి వైపు, మడమ కింద, వెంట్రుకల కుచ్చు ఒకటి ఉంటుంది. తెల్లతోకకైతే బొటనవేలి గోరంత. గాడిదచెవికైతే చూపుడు వేలంత. వార్డెన్లు చివరికి చూసేది దాన్నే. గస్ మామ వేలు పెట్టి కొలిచాడు. రెండు కణుపులు వచ్చింది.

"మసితోక," అన్నాడు.

"గాడిదతోక," అన్నాడు సెల్మర్. "నీ వేలు పొడుగుది మామా."

నేను హారన్ కొడుతూనే ఉన్నాను. కొట్టగా కొట్టగా బ్యాటరీ దిగి, అది పిల్లి మూలిగినట్టు మూలిగి ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగాకే వాళ్ళిద్దరూ తలెత్తి నన్ను చూశారు. సెల్మర్ నది వైపు పరిగెత్తాడు.

అడుగుల జాడ చాలావరకు పూడిపోయింది, అయినా ఒడ్డు దాకా కనిపించింది. ఒడ్డు నుంచి గడ్డకట్టిన నది మీదికి, లంక వైపు. మీ తాతకి ఆ నది తెలియక కాదు. పైన బీవర్ జంతువులు కట్టిన కట్ట కింద నీళ్ళు ఎప్పుడూ కదులుతుంటాయి, అక్కడ నీళ్ళ మీది మంచుగడ్డ పలచగా ఉంటుంది, మామూలు రోజున దూరం నుంచే నల్లగా కనపడుతుంది. ఆ రోజు అంతా ఒకే తెలుపు. నడిమధ్యలో గుండ్రంగా ఒక మచ్చ, దాని మీద అప్పుడే కొత్త పొర కడుతోంది.

తుపాకి మాత్రం దూరంగా ఉంది. ఒడ్డు వైపు, గడ్డ మీద జారిన గీత వదిలి, పాడవకుండా పడి ఉంది. మునుగుతూ దాన్ని విసిరేశాడు. ఆ చేత్తో గడ్డ అంచు పట్టుకుని ఉంటే ఏమయ్యేదోనని సెల్మర్ నాతో ఒకసారి అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

మర్నాడు ఊళ్ళో మగవాళ్ళంతా వచ్చి గొడ్డళ్ళతో గడ్డ పగలగొట్టి, పొడుగు గడలతో వెతికారు. ప్రవాహం వెంట నలభై అడుగుల కింద దొరికాడు. కోటు జేబులో రొట్టె కాగితంలో చుట్టినట్టే ఉంది.

మూడో రోజు వార్డెన్ వచ్చాడు. కాగితం రాసిచ్చినవాడే. జింక కొట్టంలో వేలాడుతోంది. కాలు కొలిచాడు, కొమ్ములు చూశాడు, చెవులు చూశాడు. లోపలికొచ్చి టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "ఇలాంటివి ఏడాదికి ఒకటో రెండో వస్తాయమ్మా. ఏ జాతో తేలనప్పుడు మనిషి దగ్గర ఏ ట్యాగుంటే ఆ గడిలోనే గీత పెడతాను. తప్పు రాయను."

"ఎప్పటి నుంచి?" అని అడిగాను.

"నేను ఈ పనిలో చేరినప్పటి నుంచీ."

ఆ మాట మాలో ఒక్కరికీ తెలీదు. ఎవరూ అడగలేదు. అడిగితే అనుమానం వస్తుందని భయం. ఆయన తెల్లతోక గడిలో గీత పెట్టి, గడియారం వెనక కాగితం ఇమ్మని తీసుకుని, పొయ్యిలో వేసి వెళ్ళిపోయాడు.

ఆ మాంసం తిన్నాం. అలా చూడకు. గుండు తగిలిన చోట పాడైంది తీసేసి, మిగతాది సెల్మరూ గస్ మామా కోసిచ్చారు. నేనే సీసాల్లో పెట్టాను. పిల్లలు తిన్నారు, నేనూ తిన్నాను. ఏప్రిల్ దాకా వచ్చింది. మీ పెద్ద మావయ్య బుగ్గలు కాస్త తేరుకున్నాయి.

గస్ మామకీ సెల్మర్‌కీ ఆ తర్వాత పేర్ల మీద మాట పెరగలేదు. మరుసటేడు సెల్మర్ గుట్టల్లో అలాంటిదే ఇంకోటి చూశాడట. కాఫీ కొట్లో చెప్పబోయి, మసితోకా అనలేక, గాడిదతోకా అనలేక, "మా ఆర్విడ్ కొట్టిన లాంటిది" అన్నాడట. విన్నవాళ్ళు అదే అన్నారు. నాలుగేళ్ళకి అది "ఆర్విడ్ లాంటిది" అయింది. ఇంకొన్నేళ్ళకి ఉత్త "ఆర్విడ్" అయింది. మొదటిసారి నేను విన్నది ఉప్పు కొనడానికి వెళ్ళినప్పుడు. ఎవరో కుర్రాళ్ళు, నిన్న రెండు ఆర్విడ్‌లు కనపడ్డాయిరా, ఒకటి కుంటుతోంది అని నవ్వుకుంటున్నారు. ఉప్పు అక్కడే వదిలేసి వచ్చేశాను. ఇప్పుడు నది పొడుగునా అందరూ అదే మాట అంటారు. అదొక మనిషి పేరని వాళ్ళలో ఎవరికీ తెలీదు. తప్పు వాళ్ళది కాదు, చెప్పేవాళ్ళు పోయారు. గస్ మామ పోయాడు, సెల్మర్ పోయాడు. మిగిలింది నేను.

వచ్చే నెల నువ్వు గుట్ట మీద బోర్లా పడుకున్నప్పుడు పక్కన ఎవరో ఒకరు ఆ మాట అంటారు. అన్నప్పుడు ఊరుకోకు అమ్మలూ. ఆర్విడ్ అంటే ఎవరో చెప్పు. పొగమంచులో తప్పు కొట్టి తనే పోయి ఒప్పుకున్నవాడని చెప్పు. మునిగిపోతూ పిల్లల తిండి ఒడ్డుకి విసిరినవాడని చెప్పు. వాళ్ళావిడ నల్ల తోక చూసి తెల్లతోక అని చెప్పిందని కూడా చెప్పు. ఆ ముక్క నేను సెల్మర్‌తో చెప్పలేదు, పాస్టరుతో చెప్పలేదు, మీ అమ్మతోనూ చెప్పలేదు. నా మీద జాలిపడి దాన్ని వదిలేస్తావేమో, వదలొద్దు. గుర్తుపెట్టుకుని, నీ తర్వాత వచ్చేవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పు.